క్రైస్తవ జీవితంలో దానం, పరస్పర సేవ: ప్రతిఫల భావన

దివ్య ఖుర్ఆన్‌లోని 'అల్ హదీద్' సూరాలో ఒక ఆయతు (57:27) ప్రవక్త ఈసా (అలైహిస్సలాం) అనుచరులను గురించి మూడు విషయాలు తెలియజేస్తుంది. వారి హృదయాలలో మృదుత్వాన్ని, కరుణను అల్లాహ్‌యే ఉంచాడన్నది మొదటిది. సన్యాసాన్ని వారు తమంతట తాము కల్పించుకున్నారని, పైగా దాన్ని పాటించవలసిన విధంగా పాటించలేదని అన్నది రెండవది. వారిలో విశ్వసించినవారికి వారి 'అజ్ర్' ప్రసాదించబడిందని, అయితే చాలామంది హద్దులు మీరినవారేనని అన్నది మూడవది. మన ఉపన్యాసాలలో, వ్యాసాలలో ఈ ఆయతు ప్రస్తావనకు వచ్చినప్పుడు చర్చ అంతా రెండవ విషయం చుట్టూ, అంటే 'రహ్బానియ్యత్' చుట్టూ తిరుగుతుంది. హృదయంలోని కరుణకు, చివర చెప్పిన ప్రతిఫలానికి మధ్య ఏ సంబంధం ఉందని క్రైస్తవులు తమ గ్రంథాలలో చెప్పుకున్నారో ఆగి చూసినవారు తక్కువ. ఆ పని కొంతవరకు చేయాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. పరలోకంలో ఆ ప్రతిఫలానికి ఎవరు అర్హులు, ఆయతులోని 'విశ్వాసం' షరతు ఎవరికి వర్తిస్తుంది అన్న అంశాలను తఫ్సీర్ వేత్తలు వివరించి ఉన్నారు. తీర్పు అల్లాహ్‌ది. ఆ చర్చలోకి నేను దిగడం లేదు.

ఈ విషయమై మన సమాజంలో రెండు అభిప్రాయాలు తరచుగా వినబడుతుంటాయి. తమ పాపాలన్నిటికీ శిలువపై మూల్యం చెల్లించబడిందని క్రైస్తవులు నమ్ముతారు గనుక వారి మతంలో సత్కార్యానికి పరలోక ప్రతిఫలమంటూ ఏమీ లేదన్నది ఒకటి. వారు ఆసుపత్రులు, బడులు, అనాథాశ్రమాలు నడిపేది మనుషులను మతంలోకి లాగడానికి మాత్రమేనన్నది మరొకటి. మొదటిది గ్రంథాలు చదవకపోవడం వల్ల కలిగిన పొరపాటు. రెండవది అంత తేలికగా కొట్టిపారేయగలిగేది కాదు, దాని దగ్గరకు తర్వాత వస్తాను. మన జకాత్‌ను ఎవరైనా ఒట్టి పన్ను అన్నా, మన ఖుర్బానీ మాంసం పంపకాన్ని ఒట్టి విందు అన్నా మన మనసు ఎంత నొచ్చుకుంటుందో మనకు తెలుసు. ఒక సమాజం చేసే మంచి వెనక ఉన్న ఉద్దేశాన్ని నిర్ణయించే ముందు, ఆ సమాజం తన ఉద్దేశాన్ని గురించి ఏమి చెప్పుకుంటున్నదో వినడం న్యాయం.

అనువాదకునికి మొదటి ఇబ్బంది మాటతోనే మొదలవుతుంది. సువార్తలలో ఈసా (అ) నోట పలికినట్లు చెప్పబడిన మాటలు మనకు గ్రీకు భాషలో లభిస్తున్నాయి. వాటిలో ప్రతిఫలానికి వాడిన పదం 'మిస్థోస్'. దాని అసలు అర్థం కూలి, పనివాడికి సాయంత్రం ఇచ్చే వేతనం. సిరియాక్ బైబిలులో దాని స్థానంలో 'అగ్రా' అని ఉంటుంది, అరబీ బైబిలులో 'అజ్ర్' అని ఉంటుంది. ఈ రెండూ ఒకే ధాతువుకు చెందిన మాటలని వేరే చెప్పనక్కరలేదు. ఖుర్ఆన్ ఆయతులో ఉన్నదీ ఆ మాటే. తెలుగు బైబిలు అనువాదకులు దీన్ని కొండమీది ప్రసంగంలో 'ఫలము' అన్నారు, ద్రాక్షతోట ఉపమానంలో 'కూలి' అన్నారు, పౌలు పత్రికలో 'జీతము' అన్నారు. ఒకే పదం మూడు రూపాలు ధరించడం వల్ల తెలుగు పాఠకుడికి వాటి మధ్య ఉన్న బంధుత్వం కనబడదు. ఇక మనం 'సవాబ్'కు 'పుణ్యం' అని రాయడం అలవాటు చేసుకున్నాం. నేనూ రాస్తూనే ఉన్నాను. కాని ఆ మాట వెంట జన్మజన్మల జమాఖర్చుల భావన ఒకటి రానే వస్తుంది. పాత సెమిటిక్ మాటలో ఉన్నది అది కాదు. యజమాని ఉన్నాడు, పని ఉంది, సాయంత్రం ఉంది, యజమాని చేతి నుంచి అందేది ఉంది.

మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో దానం, ప్రార్థన, ఉపవాసం ఈ మూడింటిని గురించి వరుసగా ఒకే హెచ్చరిక ఉంది. మనుషులు చూడాలని చేసినవారికి ఇక దేవుని దగ్గర వేతనం ఉండదు. సదఖా, నమాజు, రోజా అన్న వరుస మనకు సుపరిచితమే. ఇక్కడ గ్రీకు మూలంలో ఒక విశేషం ఉంది. బాకా ఊదించుకుని దానం చేసేవారు తమ కూలి పొందేశారు అని చెప్పడానికి వాడిన క్రియాపదం 'అపెఖో'. ఈజిప్టులో దొరికిన ఆనాటి పాపిరస్ కాగితాలలో ఈ మాట వ్యాపార రసీదుల మీద కనిపిస్తుంది. మన షావుకార్ల భాషలో చెప్పాలంటే 'పైకం ముట్టింది' అని దాని భావం. లెక్క చెల్లిపోయింది, ఇక బాకీ అడగడానికి లేదు. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసును ఈ సందర్భంలో గుర్తుచేసుకోవాలి. ప్రళయదినాన మొట్టమొదట తీర్పు పొందే ముగ్గురిలో ఒకడు దాత. నీ కోసమే ఖర్చు పెట్టానని అతడు అల్లాహ్‌తో విన్నవించుకుంటాడు. ఉదారుడని అనిపించుకోవడానికి ఇచ్చావు, ఆ మాట అననే అన్నారు అన్న భావంతో జవాబు వస్తుంది. ఎడమచేతికి తెలియకుండా కుడిచేత్తో ఇచ్చే వ్యక్తికి అర్ష్ నీడలో చోటు దొరుకుతుందన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఆ ఎడమచేయి, కుడిచేయి పోలిక మత్తయిలోనూ ఉంది.

అంటే సువార్తలో ప్రతిఫలం లేకపోవడం కాదు, చాలా ఉంది. అయితే ఆ కూలిని కొలిచే పద్ధతి ఏమిటన్నది ప్రశ్న. దీనికి జవాబుగా మత్తయి ఇరవయ్యవ అధ్యాయంలో ఒక ఉపమానం ఉంది. తెల్లవారగానే తోటలో దిగినవాడికీ, పొద్దు గుంకబోయే ముందు వచ్చినవాడికీ యజమాని ఒకే దేనారం ఇస్తాడు. మొదటివారు గొణుగుతారు. ఒప్పుకున్న కూలి ఇచ్చాను, నా సొమ్ము నా ఇష్టప్రకారం ఇస్తే నీకేమి అన్నట్టు యజమాని మాట్లాడతాడు. బుఖారీలో దీనికి దగ్గరగా ఉన్న ఒక హదీసును మదరసాలో చదివినవారు మరచిపోరు. ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు, మధ్యాహ్నం నుంచి అస్ర్ వరకు, అస్ర్ నుంచి సూర్యాస్తమయం వరకు పనిచేసిన మూడు సముదాయాల ఉపమానం అది. చివరివారికి రెండేసి ఖీరాతులు లభిస్తాయి. మీ హక్కులో ఏమైనా తగ్గించానా, ఇది నా అనుగ్రహం అన్న భావంతో అది ముగుస్తుంది. ఇమామ్ ఇబ్నె కసీర్ దీన్ని అల్ హదీద్ సూరా చివరి ఆయతుల వ్యాఖ్యలోనే ఉదహరించారు. ఆ సూరా ముగిసేది కూడా 'ఫజ్ల్', అంటే అనుగ్రహం, అల్లాహ్ చేతిలో ఉందన్న మాటతోనే. రెండు ఉపమానాల ఉద్దేశం ఒకటి కాదు. ఒకటి ఆలస్యంగా పశ్చాత్తాపపడిన వ్యక్తులను గురించి, మరొకటి సముదాయాలను గురించి. కాని కూలి, అనుగ్రహం అనే రెండు మాటలూ ఒకే కథలో ఇమడగలవన్న సంగతి రెండింటిలోనూ ఉంది.

ఈ రెండు మాటల మధ్య ఎంత పొత్తు కుదురుతుందన్న దాని మీదే క్రైస్తవ చర్చిలు చీలిపోయాయి. మనిషి నీతిమంతుడయ్యేది విశ్వాసం వల్లనే గాని క్రియల వల్ల కాదని పౌలు రోమీయులకు రాశాడు. క్రియలు లేని విశ్వాసం మృతమని, చలిలో ఆకలితో ఉన్నవానికి వట్టి దీవెనలు చెప్పి పంపితే ఏమి లాభమని యాకోబు పత్రిక అడుగుతుంది. రెండూ ఒకే గ్రంథంలో ఉన్నాయి. మూడవ శతాబ్దంలో కార్తేజ్ బిషప్ సిప్రియన్ దానాన్ని గురించి ఒక ప్రత్యేక గ్రంథం రాసి, బాప్తిస్మం తర్వాత చేసిన పాపాలను దానధర్మాలు కడిగివేస్తాయని బోధించాడు. దానికి ఆధారాలలో ఒకటి సీరా కుమారుని జ్ఞానగ్రంథంలోని ఒక పోలిక. నీరు నిప్పును ఆర్పినట్లు దానం పాపాన్ని ఆర్పుతుందని అక్కడ ఉంది. దైవప్రవక్త (స) హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి)కు చేసిన బోధనలో ఇదే పోలిక ఉన్నట్లు తిర్మిజీ చదివినవారికి తెలుసు. అయితే సీరా గ్రంథం కతోలికుల, ఆర్థొడాక్సు వారి బైబిలులో ఉంటుంది గాని ప్రొటెస్టంటుల బైబిలులో ఉండదు. తెలుగు ఇళ్లలో ఎక్కువగా కనిపించే బైబిలు ప్రొటెస్టంటుల వాడుకలోనిదే గనుక, ఆ పోలిక వారికి చూపించబోతే పుటలు తిరగేసి లేదంటారు. అది వారి తప్పు కాదు.

1517లో మార్టిన్ లూథర్ జర్మనీలో లేవనెత్తిన వివాదం ఈ కూలి లెక్కను గురించే. పాపశిక్ష తగ్గింపు పత్రాలను చర్చి పేరిట డబ్బుకు అమ్ముతున్న రోజులవి. లూథర్ ప్రకటించిన 95 అంశాలలో 43వది, ఆ పత్రాలు కొనడం కంటే పేదవానికి ఇవ్వడమే మేలైన పని అని చెబుతుంది. అనుగ్రహమే గాని క్రియలు కావని వాదించినవాడు, దానం వద్దనలేదు. దానాన్ని లావాదేవీగా మార్చవద్దన్నాడు. మోక్షం ఉచితంగా దొరికింది గనుక కృతజ్ఞతతో పొరుగువానికి సేవ చేయాలన్నది అతని మార్గం. కతోలిక చర్చి 1547లో ట్రెంట్ మహాసభలో దీనికి జవాబిస్తూ, దైవకృపలో ఉండి చేసిన సత్కార్యాలకు నిజమైన ప్రతిఫలం ఉందని, ఆ సత్కార్యాలు కూడా ఆ కృప ఫలితమేనని తీర్మానించింది. దేవుడు మన సత్కార్యాలకు కిరీటం పెట్టినప్పుడు నిజానికి తన కానుకలకే కిరీటం పెడుతున్నాడన్న అగస్టీన్ ఆలోచన దీని వెనక ఉంది. నాలుగు శతాబ్దాలకు పైగా సాగిన ఈ తగవులో 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్, కతోలిక ప్రతినిధులు ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు.

మనకు ఈ తగవు మరీ దూరం కాదు. తన కర్మల బలంతో ఎవరూ స్వర్గంలో ప్రవేశించరని, అల్లాహ్ కరుణ కప్పకపోతే తాను కూడా అంతేనని దైవప్రవక్త (స) సెలవిచ్చిన హదీసు మన దగ్గరే ఉంది. మరోవైపు ఒక్క గింజకు ఏడు వెన్నులు, వెన్నుకు నూరు గింజల ఉపమానం (2:261) కూడా మన దగ్గరే ఉంది. ఈ రెండింటినీ కలిపి నమ్మేవారికి, క్రైస్తవులకు ప్రతిఫల భావన లేదని అనడం ఎలా తగుతుంది?

ఇక అన్నిటికంటె ముఖ్యమైన చోటు మత్తయి ఇరవై ఐదవ అధ్యాయం. అంతిమదినాన రాజు మనుషులను రెండుగా విడదీస్తాడు. నేను ఆకలిగొన్నాను, దప్పిగొన్నాను, పరదేశినయ్యాను, దిగంబరినయ్యాను, రోగినయ్యాను, చెరలో ఉన్నాను, మీరు నాకు సేవ చేశారు అన్న భావంతో కుడివైపు వారితో మాట్లాడతాడు. మేము ఎప్పుడు చూశామని వారు ఆశ్చర్యపడతారు. అల్పులైన నా సోదరులలో ఒకరికి చేసినది నాకు చేసినట్లేనన్నది జవాబు. సహీహ్ ముస్లింలోని హదీసె ఖుద్సీ పాఠకులకు వెంటనే గుర్తుకు వచ్చి ఉంటుంది. నేను రోగినైతే నువ్వు పరామర్శించలేదు, అన్నం అడిగితే పెట్టలేదు, నీరు అడిగితే ఇవ్వలేదని అల్లాహ్ ఆదం కుమారుణ్ణి అడగడం, నువ్వు సకల లోకాల ప్రభువువు కదా, అదెలా సాధ్యమని అతడు ప్రశ్నించడం అందులో ఉంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకటేనని చెప్పి చేతులు దులుపుకునేవారున్నారు. ఒకదాన్నుంచి మరొకటి పుట్టిందని వాదించే పాశ్చాత్య పండితులూ ఉన్నారు. నా దృష్టిలో రెండూ తొందరపాటే, ఎందుకంటే అసలు సంగతి తేడాలలో ఉంది. సువార్తలో మాట్లాడేది మనుష్యకుమారుడైన రాజు. క్రైస్తవుల విశ్వాసం ప్రకారం దైవమే మానవరూపం ధరించాడు గనుక, పేదవాడికి చేసిన సేవ ఆ రూపానికే నేరుగా అందుతుంది. దీన్ని మనం అంగీకరించం. హదీసులో దాసుని ప్రశ్నే ఆ అపార్థానికి అడ్డుగోడ కడుతుంది. రోగాన్ని తనకు ఆపాదించుకోవడం దాసునికి గౌరవం కలిగించడానికేనని పండితులు చెప్పినట్లు ఇమామ్ నవవీ వివరించారు. హదీసులోని జవాబుల పదాల పొందికను కూడా గమనించాలి. అన్నం, నీరు విషయంలో అది నా దగ్గర నీకు దొరికి ఉండేదన్న భావం ఉంది. అంటే ప్రతిఫలం దొరికేది. కాని రోగి విషయంలో జవాబు మారిపోతుంది. అతని దగ్గర నన్నే పొంది ఉండేవాడివన్న భావం వస్తుంది. ఇచ్చిన వస్తువుకు వస్తువు తిరిగి వస్తుంది. వెళ్లి పక్కన కూర్చున్నందుకు మాత్రం ప్రతిఫలం వస్తువు కాదు, సాన్నిధ్యం.

సువార్తలోనూ ఇటువంటి సూక్ష్మం ఒకటుంది. బహుమానం పొందినవారికి తాము ఏమి చేశామో తెలియదు. వారు లెక్క పెట్టుకోలేదు. కాబట్టే వారి ఆశ్చర్యం. ఆరవ అధ్యాయంలో ఎడమచేతికి తెలియకుండా ఇవ్వమన్నది ఇక్కడ పూర్తిగా నెరవేరింది. ఇచ్చినవాడికే గుర్తులేదు.

సిద్ధాంతం ఇంతవరకు. ఇది ఆచరణలోకి ఎలా వచ్చిందో చూద్దాం. మొదటి తరం క్రైస్తవులు జెరూసలేములో ఆస్తులు అమ్మి ఉమ్మడిగా పంచుకున్నారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. అదే పుస్తకం ఆరవ అధ్యాయంలో, రోజువారీ భోజనాల పంపిణీలో తమ విధవరాళ్లకు అన్యాయం జరుగుతోందని గ్రీకు మాట్లాడేవారు ఫిర్యాదు చేయడం, దాన్ని సరిదిద్దడానికి ఏడుగురిని నియమించడం కూడా దాచకుండా రాసి ఉంది. పౌలు మాసిడోనియా, అకయా ప్రాంతాల సంఘాల నుంచి జెరూసలేము పేదల కోసం చందా పోగుచేశాడు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8, 9 అధ్యాయాలు పూర్తిగా దీనికి సంబంధించినవే. అక్కడ అతడు వాడిన ముఖ్యమైన మాట సమానత్వం. నేడు మీ సమృద్ధి వారి లేమిని తీరుస్తుంది, రేపు వారి సమృద్ధి మీ లేమిని తీరుస్తుంది అన్న వాదన అది. జకాత్‌లో మాదిరి నిసాబు గాని, రెండున్నర శాతం వంటి నిర్ణీత భాగం గాని ఇక్కడ లేదు, ప్రతివాడు తన మనసులో నిశ్చయించుకున్నట్లు ఇవ్వాలి. తర్వాతి కాలంలో చర్చిలు యూద ధర్మశాస్త్రంలోని దశమభాగాన్ని తీసుకుని ఈ లోటు పూరించుకోవలసి వచ్చింది. ఈ విషయంలో మన షరీయత్ ఏర్పాటు పేదవానికి ఎక్కువ భరోసా ఇస్తుందని నేను భావిస్తాను. దాత మనసు మీద ఆధారపడనవసరం లేని హక్కు అది.

రెండవ శతాబ్దం చివర తెర్తుల్లియన్ తమ సంఘపు ఉమ్మడి పెట్టెను గురించి రాశాడు. నెలకోసారి ఇష్టమున్నవారు ఇష్టమున్నంత వేస్తారని, పేదల అంత్యక్రియలకు, అనాథలకు, వృద్ధులకు, ఓడ మునిగి నష్టపోయినవారికి, విశ్వాసం కోసం గనులలో శిక్ష అనుభవిస్తున్నవారికి అది ఖర్చవుతుందని చెప్పాడు. దీనికి మిత్రుల సాక్ష్యం కంటే శత్రువు సాక్ష్యం బలమైనది. 362లో రోమన్ చక్రవర్తి జూలియన్, క్రైస్తవాన్ని వదలి పాత దేవతల పూజను పునరుద్ధరించడానికి పూనుకున్నవాడు, గలతియాలోని తన ప్రధాన పూజారికి ఒక లేఖ రాశాడు. ఈ గలిలయులు తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారని అందులో వాపోయాడు. ఆ ప్రాంతానికి ఏటా 30,000 మోడియుల ధాన్యం కేటాయించి, అయిదవ వంతు పూజారులను సేవించే పేదలకు, మిగిలినది పరదేశులకు, బిచ్చగాళ్లకు పంచమని ఆదేశించాడు.

అక్కడికి దగ్గరలోనే, కప్పదోకియాలోని కైసరయలో, కొద్ది సంవత్సరాలకే పెద్ద కరువు వచ్చింది. అక్కడి బాసిల్ తన ప్రసంగాలలో, నీ ఇంట్లో దాచిన రొట్టె ఆకలిగొన్నవాడిదని, పెట్టెలో మడిచిన బట్ట బట్టలేనివాడిదని ధనికులను నిలదీశాడు. దానం అంటే ఔదార్యం కాదు, బాకీ తీర్చడమన్నమాట. బిషప్ అయిన తర్వాత అతడు ఊరి వెలుపల పరదేశులకు బస, రోగులకు వైద్యం, కుష్ఠురోగులకు ఆశ్రయం కలిపి కట్టించిన సముదాయాన్ని మిత్రుడు గ్రెగరీ ఒక కొత్త నగరమని వర్ణించాడు. ఆ కైసరయే నేటి టర్కీలోని కైసెరి. అదే ఊళ్లో 1206లో సెల్జూకు రాకుమారి గవ్హర్ నసీబా పేరిట ఒక దారుష్షిఫా, దానికి జతగా వైద్య మదరసా వెలిశాయి. ఆ కట్టడం ఇప్పటికీ ఉంది.

ఇదే బాసిల్ సన్యాసులకు రాసిన నియమాలలో ఒంటరి గుహవాసాన్ని ప్రశ్నించాడు. ఒక్కడివే ఉంటే ఎవరి కాళ్లు కడుగుతావని అతని వాదన. యోహాను సువార్త పదమూడవ అధ్యాయంలో, చివరి రాత్రి ఈసా (అ) నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగి, మీరూ ఒకరికొకరు ఇలా చేయాలని బోధించినట్లు ఉంది. దాన్ని దృష్టిలో పెట్టుకుని అన్న మాట ఇది. ప్రజల మధ్య మెలగుతూ వారి బాధలను సహించే విశ్వాసికి, అలా మెలగనివాని కంటే ఎక్కువ 'అజ్ర్' ఉందన్న హదీసు ఇబ్నె మాజాలో ఉంది. 'రహ్బానియ్యత్'పై మన విమర్శ వంటిది క్రైస్తవ సన్యాసుల లోపలే ఒక పెద్ద గొంతుకలో వినబడిందన్న సంగతి మన పాఠకులకు ఆసక్తికరంగా ఉంటుంది.

ఆరవ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ రాసిన నియమావళి పశ్చిమ ఐరోపా మఠాలలో చాలావాటికి మాదిరి అయింది. అందులో 35వ అధ్యాయం వంటింటిని గురించి. సోదరులు ఒకరికొకరు వంతులవారీగా వడ్డన, వంట చేయాలి. జబ్బు గాని, మఠానికి అత్యవసరమైన వేరే పని గాని ఉంటే తప్ప ఎవరికీ మినహాయింపు లేదు. దీనికి చెప్పిన కారణం మనం చర్చిస్తున్న మాటే. దీనివల్ల ఎక్కువ వేతనం, ఎక్కువ ప్రేమ లభిస్తాయి. లాటిన్‌లో అక్కడ ఉన్నది 'మెర్సెస్', అంటే కూలి. ఆ అధ్యాయం చదువుతుంటే రాసినవాడికి వంటిల్లు బాగా తెలుసనిపిస్తుంది. బలహీనులకు తోడు ఇవ్వాలంటాడు. వడ్డించేవారికి భోజనవేళకు ఒక గంట ముందు కొంచెం రొట్టె, పానీయం ఇవ్వాలంటాడు, లేకపోతే గొణుక్కుంటూ వడ్డిస్తారు కనుక. శనివారం నాడు వారం ముగించినవాడు తువ్వాళ్లు ఉతికి, పాత్రలు శుభ్రంగా లెక్కప్రకారం అప్పగించాలి. దిగిపోయేవాడు, కొత్తగా ఎక్కేవాడు ఇద్దరూ కలిసి అందరి కాళ్లు కడగాలి. ఈ వారం వడ్డించినవాడు వచ్చే వారం కూర్చుని తింటాడు. ఎల్లప్పుడూ ఇచ్చేవాడంటూ ఎవడూ లేడు.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ఒకటి బుఖారీ, ముస్లింలలో ఉంది. ఎండ మండిపోతున్న ప్రయాణంలో రోజా ఉన్నవారు సొమ్మసిల్లి పడిపోయారు. రోజా లేనివారు గుడారాలు వేసి, ఒంటెలకు నీళ్లు పెట్టారు. ఈ రోజు 'అజ్ర్' అంతా రోజా లేనివారే తీసుకుపోయారని దైవప్రవక్త (స) అన్నారు. ఆరాధనలో వెనకబడినట్లు కనిపించినవారు సేవలో కూలి మొత్తం పట్టుకుపోయారు. బెనెడిక్ట్ వంటింటి అధ్యాయాన్ని ఒక ముస్లిం పాఠకునికి వివరించాలంటే ఇంతకంటే మంచి వ్యాఖ్య నాకు దొరకలేదు.

కాళ్లు కడిగే ఆచారం పవిత్ర గురువారం నాడు చాలా చర్చిలలో నేటికీ సాగుతోంది. 2013 మార్చి 28న, ఎన్నికై నెలన్నా గడవని పోపు ఫ్రాన్సిస్ రోము నగరంలోని బాలనేరస్తుల చెరసాలకు వెళ్లి పన్నెండుమంది కాళ్లు కడిగారు. వారిలో ఇద్దరు ముస్లిములు, ఆ ఇద్దరిలో ఒకరు యువతి. కొందరు కతోలికులే దీన్ని ఆచారవిరుద్ధమని విమర్శించారు. 2016లో ఆయన ఆచార నియమాన్నే సవరించి స్త్రీలకు చోటు కల్పించారు.

ఇప్పుడు రెండవ అభిప్రాయం దగ్గరకు వద్దాం. అన్నం పెట్టి, చదువు చెప్పి మతం మార్చారన్న ఆరోపణ మన దేశంలో పాతదే. అది పూర్తిగా నిరాధారమని చెప్పడానికి నేను సిద్ధంగా లేను. అయితే అలా ఎరగా వేసిన దానం గురించి తీర్పు కోసం మనం సూరా అద్దహ్ర్‌లోని ఆయతుల (76:8-9) దాకా కూడా పోనక్కరలేదు. ప్రతిఫలం గాని కృతజ్ఞత గాని కోరకుండా అన్నం పెట్టేవారి గుణం అక్కడ మనకు ఆదర్శంగా ఉంచబడింది, నిజమే. కాని క్రైస్తవుల సొంత గ్రంథం ప్రకారమే ఎర వేసినవాడికి 'పైకం ముట్టింది'. ఈ మాట వారి మధ్య నుంచే, అదీ మన తెలుగు నేలతో సంబంధమున్న ఒక వ్యక్తి నోటి నుంచే వచ్చింది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకుని పేదల మధ్య పనిచేశాడు. 1912లో ఆంగ్లికన్ చర్చికి మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945లో మరణించేవరకు డోర్నకల్‌లోనే ఉన్నాడు. 1930లలో మతమార్పిడుల విషయమై గాంధీజీకీ ఇతనికీ గట్టి అభిప్రాయభేదాలుండేవి. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్యుల మధ్య నిలబడి అజరయ్య చేసిన ప్రసంగం చాలామందికి కోపం తెప్పించింది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడవ అధ్యాయంలో, ఆస్తి అంతా పేదలకు పంచినా, శరీరాన్ని కాల్చడానికి అప్పగించినా, ప్రేమ లేకపోతే ప్రయోజనం సున్న అని ఉంది. అజరయ్య ఆ మాటలనే మిషనరీల వైపు తిప్పాడు. మీరు సొమ్ము ఇచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకు ప్రేమ కావాలి, స్నేహితులు కావాలి అన్నది అతని విన్నపం. ఎప్పుడూ ఇచ్చేవాడు, ఎప్పుడూ పుచ్చుకునేవాడు అన్న సంబంధం సువార్త చెప్పిన పరస్పర సేవ కాదని అతని బాధ. ఉపకారాన్ని ఎత్తిపొడవడం వల్ల, మనసు నొప్పించడం వల్ల సదఖా వ్యర్థమైపోతుందని ఖుర్ఆన్ (2:264) హెచ్చరించింది. ఆ హెచ్చరికను చదివినవారికి అజరయ్య బాధ అర్థమవుతుంది. ఆసుపత్రులు, బడులు నడిపే మన సంస్థలు కూడా తమను తాము ఈ ప్రశ్న అడుగుకోవచ్చు.

డోర్నకల్‌లో అతడు చేసిన ప్రయత్నం దీనికి విరుగుడు. తన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు, కూలిపనులు చేసుకునేవారు. వారే ఇవ్వాలని, విదేశీ సొమ్ము మీద బతకకూడదని బోధించాడు. కోతల పండుగకు వారు ధాన్యం, కోళ్లు, గుడ్లు తెచ్చి సమర్పించేవారు. దానాన్ని గురించి అతడు ఒక పుస్తకమే రాశాడు. పేదవాడి చేతిని ఎప్పుడూ చాచిన చేతిగానే ఉంచడం అతనికి అవమానంగా తోచింది. మార్కు సువార్తలో కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలు అందరికంటే ఎక్కువ వేసినట్లు చెప్పబడింది. ఒక దిర్హం లక్ష దిర్హములను మించిపోయిందన్న హదీసు నసాయీలో ఉంది. ఉన్న రెండింటిలో ఒకటి ఇచ్చినవాడి దిర్హం అది. 1939లో ప్రతిష్ఠించబడిన డోర్నకల్ చర్చి నేడు తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉంది. గుమ్మటాలు, మినార్లతో ఉన్న ఆ కట్టడాన్ని దూరం నుంచి చూసి మసీదనుకున్న ముస్లిం ప్రయాణికులు ఉండే ఉంటారు.

ఇటువంటిదే మరొక అలవాటు గురించి చెప్పాలి. మిజోరంలో 1910 నుంచి క్రైస్తవ స్త్రీలు పూటపూటకూ వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే పాత్రలో వేస్తున్నారు. దాన్ని పోగుచేసి అమ్మి చర్చి పనులకు వాడతారు. తెలుగు, తమిళ క్రైస్తవ కుటుంబాలలోనూ పిడికెడు బియ్యం తీసే ఆచారం ఉంది. మదరసాలో చదువుకున్నవారికి ఇందులో వింత ఏమీ లేదు. 1866లో దేవ్‌బంద్ మదరసా స్థాపకులలో ముఖ్యులైన మౌలానా ఖాసిం నానోత్వీ, ప్రభుత్వం మీద, ధనవంతుల మీద ఆధారపడవద్దని, సామాన్యుల చందాల మీదే నడపాలని నియమాలు రాసి పెట్టారు. ఉత్తరాదిలో ఎన్నో చిన్న మదరసాలకు ఇళ్లలో రొట్టెలు చేసేటప్పుడు తీసి పెట్టిన గుప్పెడు పిండి వచ్చేది, దాన్ని 'చుట్కీ' అనేవారు. నేను చదివిన మదరసాకూ అలాగే వచ్చేది. మా రొట్టెలలో ఏ ఇంటి పిండి ఉండేదో మాకు ఎప్పుడూ తెలియలేదు.